ఏడో గొంతు

"రెండు టీ. ఒకదాంట్లో చక్కెర వద్దండి."

పొన్నూరు బస్టాండు ఎదురుగా, సుందరయ్య టీ బంకు దగ్గర రమేష్ బాబు అన్న మాటలు ఇవే. ఇందులో రాజద్రోహం లేదు, కుట్ర లేదు, కనీసం ఒక బూతు మాట కూడా లేదు. అయినా ఆ మాటలే అతని ప్రాణం తీశాయి. బల్ల మీద సుందరయ్య ఫోను ఉంది. ఫోనులో 'తీరం' అనే యాప్ ఉంది. నలభై నిమిషాల తర్వాత, నెంబరు ప్లేటుకు బురద పూసిన లారీ ఒకటి రోడ్డు దిగి వచ్చి, బస్సు కోసం నిలబడ్డ రమేష్ బాబుని గోడకేసి నొక్కి వెళ్లిపోయింది. రెండో టీ తాగిన మనిషి జాడ తెలియలేదు.

మర్నాడు పేపర్లో నాలుగో పేజీలో రెండు లైన్ల వార్త వచ్చింది. అదే పేపర్లో మొదటి పేజీ నిండా 'తీరం' యాప్‌కి ఇన్నోవేషన్ అవార్డు వచ్చిందని రంగుల ఫొటో. టెక్నాలజీ వార్త అంటే మన దేశంలో కంపెనీ వాడు రాసిచ్చిన కాగితాన్ని విలేకరి భక్తిగా తిరగరాయడమే కదా. ఆ రెండు వార్తలనీ కలిపి చదివినవాడు జిల్లా మొత్తం మీద ఒక్కడే ఉన్నాడు.

అతని పేరు జీవన్ కుమార్. గూఢచారి డిపార్ట్‌మెంట్ ఫైళ్లలో మాత్రం అతను 'కొరమీను'.

ఇరవై మూడు రోజులు గడిచాక ఒక ఉదయం, భుజాన టెంపర్డ్ గ్లాసుల పెట్టె తగిలించుకుని, ఫోన్లకు అద్దాలు అంటించే మనిషి వేషంలో అతను తెనాలిలో విగ్రహాలు చేసే షెడ్డులోకి నడిచాడు. లోపల పన్నెండు మంది నాయకులు మట్టిలో వరసగా నిలబడి ఉన్నారు. ఎవరికీ ఇంకా చెవులు అతకలేదు.

"నాన్నగారి విగ్రహానికి కళ్లజోడు పెట్టాలండి," అన్నాడు జీవన్.

"ముందు కళ్లు తెరవనివ్వండి," అన్నాడు పట్టు కండువా కప్పుకుని కూర్చున్న పెద్దమనిషి.

కోడు సరిపోయింది. ఆ పెద్దమనిషి సంజీవరావు, డిపార్ట్‌మెంట్ చీఫ్.

"కూర్చోవయ్యా. ఈ ఊళ్లో ధైర్యంగా నోరు విప్పగలిగింది ఇక్కడే. చెవులు లేని నాయకులు మళ్లీ దొరకరు." సంజీవరావు గొంతు తగ్గించాడు. "ముఠా పేరు ఆర్కిడ్. విదేశీయులు. చేపల రేట్లు, వాతావరణం చెబుతామని బాపట్ల నుంచి రేపల్లె దాకా అరవై రెండు వేల ఫోన్లలో ఆ యాప్ ఎక్కించారు. చదువు రానివాళ్లు నోటితో అడగొచ్చని మైక్ పర్మిషన్ తీసుకున్నారు. ఇప్పుడు ఆ మైకులు పగలూ రాత్రీ వింటున్నాయి. వెతకాల్సిన మనిషి గొంతు నమూనా ఇస్తే చాలు. వాడు ఈ ఫోన్లలో దేని పక్కన మాట్లాడినా మ్యాపులో ఎర్ర చుక్క వెలుగుతుంది."

"రమేష్ బాబుని అలాగే పట్టుకున్నారు."

"అది ట్రయల్. ఈ రోజు సాయంత్రం అయిదింటికి అసలు డెమో. మూడు దేశాల కొనుగోలుదారులు లైవ్‌లో చూస్తారు. టార్గెట్ ఎవరో తెలుసా? సాయికుమార్."

సాయికుమార్ సూర్యలంక దగ్గరి పల్లెకారుల కుర్రాడు. ఎనిమిదేళ్ల క్రితం హైదరాబాదు సాఫ్ట్‌వేర్ కంపెనీలో జీవన్ కిందే పని నేర్చుకున్నాడు.

"ఆ ఇంజన్ రాసింది వాడే. దేనికి వాడుతున్నారో తెలిశాక, దాన్ని తుడిచేసే కీ పట్టుకుని తోటి ఇంజనీరు రమేష్ బాబుతో పాటు పారిపోయాడు. ఇరవై మూడు రోజులుగా ఎక్కడా చుక్క వెలగలేదు. బతికున్నాడంటే నోరు మూసుకుని ఉన్నాడన్నమాట. నువ్వంటే వాడికి గురి. అయిదు లోపల ప్రాణాలతో తీసుకురా. బాపట్లలో మన మనిషి ఉంది, స్నేహలత. ఆ కంపెనీలోనే ప్రొడక్ట్ మేనేజరు. కావాల్సిన డేటా ఆవిడిస్తుంది."

జీవన్ రేపల్లె లూథరన్ బడి పంతులుగారి అబ్బాయి. డిపార్ట్‌మెంట్‌లోకి రాకముందు సాఫ్ట్‌వేర్‌లో పదేళ్లు ఉన్నాడు. అతను సాధించిన ఘనకార్యం ఒక్కటే. యాప్ తెరవగానే వచ్చే ఒప్పందం స్క్రీన్ మీద 'అంగీకరిస్తున్నాను' అనే బటన్‌ని ఆకుపచ్చగా, అరచేయంత చేసి, 'వద్దు' అనేదాన్ని చీమంత చేశాడు. దానికి బూడిదరంగు వేసింది కూడా తనే. ఆ ఏడాది కంపెనీ వాళ్లు అతనికి శాలువా కప్పారు. ఆ శాలువా సంగతి గుర్తొస్తే ఇప్పటికీ అతనికి అన్నం సయించదు.

స్నేహలత బాపట్లలో, సూర్యలంక రోడ్డు మీద ఏసీ కారులో కూర్చుని ఉంది. సముద్రం రంగు చీర, నల్ల కళ్లద్దాలు, ఎవరినైనా రెండు నిమిషాల్లో స్నేహితుణ్ణి చేసుకునే నవ్వు. ఒళ్లో టాబ్లెట్ ఉంది. అందులో తీరం పొడుగునా వేల చుక్కలు మినుకుమంటున్నాయి. ఒక్కో చుక్కా ఒక గొంతు.

"ఇవన్నీ మీకెవరిచ్చారండి?" అన్నాడు జీవన్.

"వాళ్లే. స్క్రీన్ మీద అడిగాం, ఒప్పుకున్నారు. వద్దన్నది ఎంతమందో తెలుసా? పదకొండు మంది. అందులో అయిదుగురు మళ్లీ వచ్చి ఒప్పుకున్నారు."

"వద్దు అనే బటన్ ఏ రంగు?"

"బూడిదరంగు. అందరూ వాడేదే కదండి."

జీవన్ పెట్టెలోంచి ఒక కాగితం తీశాడు. నిజాంపట్నం హార్బరు నుంచి ఏ పడవ మీద ఎవరెవరు వేటకెళ్లారో రాసే రిజిస్టరు కాపీ అది. వచ్చేటప్పుడు సంజీవరావు ఇచ్చాడు.

"వలలు బాగుచేసుకునేటప్పుడు ఒడ్డున ఎన్ని గొంతులు వినిపిస్తున్నాయో పడవ వారీగా చెప్పండి."

ఆమె చెబుతూ పోయింది, అతను లెక్క చూసుకుంటూ పోయాడు. ఏడుగురున్న చోట ఏడు గొంతులు, ఎనిమిదిమందున్న చోట ఎనిమిది. గంగరాజు పడవ దగ్గరకొచ్చేసరికి రిజిస్టర్లో ఏడు పేర్లున్నాయి, మ్యాపులో ఆరు గొంతులే ఉన్నాయి. ఏ దొంగచెవిని అతను అసహ్యించుకుంటున్నాడో ఆ దొంగచెవే అతనికి దారి చూపింది. ఛీ అనిపించింది. అయినా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

స్నేహలత అతని చేతిలో కొత్త ఫోను పెట్టింది. "ఇది సెక్యూర్. అతను దాచిన కీ తెరుచుకోవాలంటే ఇందులో ఒక్క వాక్యం మాట్లాడాలి. అయిదులోపు మాట్లాడించండి జీవన్ గారు."

చెరుకుపల్లి సెంటర్లో స్కూటరు ఆపి గోళీసోడా తాగుతుంటే తొడకు వేడి తగిలింది. జేబులో ఆ ఫోను, స్విచ్ ఆఫ్ చేసి ఉన్న ఫోను, కాలుతోంది. వాడని ఫోను వేడెక్కదు. లోపల ఎవరో పని చేస్తుంటేనే వేడెక్కుతుంది. జీవన్ సోడా సీసా బల్ల మీద పెట్టాడు. స్నేహలత మన మనిషి కాదు. సాయికుమార్ చేత మాట్లాడించాల్సింది కీ కోసం కాదు, ఎర్ర చుక్క కోసం. ఇరవై మూడు రోజులుగా నోరు మూసుకున్న కుర్రాడి చేత నోరు తెరిపించడానికి తనను ఎరగా వేశారు.

హార్బరుకు చేరేసరికి రెండున్నర. ఆ ఫోనుని తువ్వాల్లో చుట్టి, చేపల ట్రేలో ఐసు ముక్కల మధ్య కూరేశాడు. సొంత ఫోను స్కూటరు డిక్కీలో పెట్టి తాళం వేశాడు.

గంగరాజు పడవ ఒడ్డునే ఉంది. ఆరుగురు వల ముందేసుకుని ఒకరినొకరు ఆటపట్టించుకుంటున్నారు. ఏడోవాడు గెడ్డం పెరిగి, ఎండకు నల్లగా మాడి, మాట లేకుండా వల కుట్టే కండె తిప్పుతున్నాడు. తలెత్తి జీవన్‌ని చూశాడు. కండె చేతిలోంచి జారిపోయింది. వేలితో సముద్రం వైపు చూపించాడు.

పడవ నడిపే సరంగు గంగరాజు ఒకసారి ఇద్దరినీ చూసి ఇంజన్ స్టార్ట్ చేశాడు.

"ఈడు ఒడ్డున మూగోడు సార్," అన్నాడు పడవ కాలవ దాటుతుంటే. "నీళ్ల మీదకొస్తే ఒకటే వాగుడు. ఏదో మొక్కంట. మొక్కు సంగతి మనం అడక్కూడదు కదండి. అందుకే మేం ఎవరికీ చెప్పలా."

"మీ ఫోన్లు?"

"తడి చేతులకి టచ్ ఫోన్లు ఎక్కడ పనిచేస్తాయి సార్. అయ్యన్నీ ఒడ్డునే, ఆడోళ్ల దగ్గర. పడవకల్లా ఇదొక్కటే." ప్లాస్టిక్ కవరులో చుట్టిన బటన్ ఫోను చూపించాడు.

సముద్రపు మొగ దాటి ఒడ్డు గీతలా సన్నబడ్డాక సాయికుమార్ నోరు తెరిచాడు. గొంతు బొంగురుగా వచ్చింది.

"సార్, మీ దగ్గర ఫోనుందా?"

"లేదు. రికార్డర్ ఒక్కటే ఉంది."

సాయికుమార్ పడవ అంచు మీద కూలబడ్డాడు. "ఆ రోజు నాకు జలుబు సార్. గొంతు రాలా. నా టీ కూడా వాడే చెప్పాడు. లేకపోతే నేనే చెప్పేవాణ్ణి. బస్సు రాలేదని నీళ్ల బాటిలు కొనడానికి రోడ్డు దాటా. తిరిగి చూస్తే వాడు లేడు. మా అమ్మకి ఫోను కొనిచ్చింది నేనే సార్. అందులో ఆ యాప్ ఎక్కించింది కూడా నేనే. ఇప్పుడు అమ్మకి ఫోన్ చేసి బతికున్నానని చెప్పాలంటే, అమ్మ ఫోనే నన్ను పట్టిస్తుంది."

ఓదార్చే అర్హత తనకు లేదనిపించి జీవన్ పని మాటే ఎత్తాడు. "ఆ ఇంజన్‌లో లోపం ఏమన్నా ఉందా? బాగా ఆలోచించుకుని చెప్పు."

"ఒకటుంది సార్. మనిషి మాట్లాడుతున్నాడా, రికార్డింగ్ మోగుతోందా అనేది దానికి తెలియదు. ఆ తేడా పట్టే కోడ్ రాద్దామని నేనే టికెట్ పెట్టా. ఏడాదిగా బ్యాక్‌లాగ్‌లో, మిగిలిన పనుల చిట్టాలో మూలుగుతోంది. రిలీజ్ డేట్ ముఖ్యం, అది వచ్చే వెర్షన్లో చూద్దాం అన్నారు స్నేహలత మేడమ్."

"ఆవిడ నిన్ను గుర్తుపడుతుందా?"

"రెండేళ్లు ఆన్‌లైన్ మీటింగుల్లో కలిసి పనిచేశాం. ఎవరం కెమెరా పెట్టలేదు సార్. ఆవిడకి తెలిసింది నా గొంతే. ఫైల్లో ఉన్నది కాలేజీ నాటి ఫొటో."

జీవన్ నవ్వాడు. ఆ రోజంతా అతను నవ్వింది అప్పుడే. అతని భార్య రూబీ రేపల్లెలో టీచరు, చర్చి స్త్రీల సమాజం ప్రార్థన గ్రూపుకి అడ్మిన్. ఒక వాయిస్ మెసేజ్ వస్తే చాలు, ఆ గ్రూపువాళ్లు స్పీకరు పెట్టి ఇంటిల్లిపాదికీ వినిపించి, ఉన్న గ్రూపులన్నిటికీ పంపేస్తారు. సాయంత్రానికి ఆ ప్రార్థన విన్నపం తెనాలి దాటిపోతుంది. ప్రైవసీ అనీ, ఫార్వర్డులు అనీ ఆరేళ్లుగా అతను ఇంట్లో ఆ విషయం మీద పోట్లాడని వారం లేదు.

రికార్డర్ సాయికుమార్ నోటి దగ్గర పెట్టాడు. "ఉన్నది ఉన్నట్టు చెప్పు."

"అమ్మలారా, అయ్యలారా. నా పేరు సాయికుమార్. ఇరవై మూడు రోజులుగా ఒడ్డు మీద నోరు తెరవలేదు. తెరిస్తే చంపుతారు. నాకోసం ప్రార్థన చెయ్యండి. ఇది పదిమందికి వినిపించండి." అంతటితో అయిపోవాలి. కానీ అతను ఆగలేదు. "అమ్మా, నేను బాగానే ఉన్నానే. అన్నం తింటున్నా."

గంగరాజు మొహం అటు తిప్పుకున్నాడు.

తిరిగి వస్తుంటే సాయికుమార్ మొలతాడుకు కట్టుకున్న పెన్ డ్రైవ్ విప్పి జీవన్ చేతిలో పెట్టాడు. "ఇది వాళ్ల సర్వర్ గదిలో పెడితే చాలు, ఇంజనూ గొంతులూ అన్నీ పోతాయి. అన్నీ తుడిచేయిస్తానని మాటివ్వండి సార్."

"మాటిస్తున్నా," అన్నాడు జీవన్.

నాలుగూ నలభైకి ఒడ్డెక్కాడు. రికార్డింగ్‌ని సొంత ఫోనులోకి ఎక్కించి పంపి, పాడైన పడవల వెనక్కి నడిచి రూబీకి ఫోన్ చేశాడు.

"రూబీ, ఒక వాయిస్ మెసేజ్ పంపాను. అన్ని గ్రూపులకీ ఫార్వర్డ్ చెయ్యి."

"ఏమండీ, మీరేనా మాట్లాడేది?"

"నేనే. తొందరగా."

"నిజమైన విన్నపమేనా? అబద్ధానికి నేను ప్రార్థన చేయించనండి."

"ప్రతి మాటా నిజమే."

ఆమె అప్పుడే ఫార్వర్డ్ చెయ్యడం మొదలుపెట్టింది. రెండో ఫోన్ చీఫ్‌కి. స్నేహలత ఎవరి మనిషో మూడు ముక్కల్లో చెప్పి పెట్టేశాడు.

అయిదుకి ఏడు నిమిషాలుందనగా స్నేహలత కారు హార్బరులోకి వచ్చింది. వెనకే ఒక లారీ, నెంబరు ప్లేటు మీద బురద. ఆమె టాబ్లెట్ పట్టుకుని సూటిగా గంగరాజు పడవ దగ్గరకే నడిచింది. లెక్క చూస్తూ ఆరు గొంతుల దగ్గర జీవన్ ఆగడం ఆమె అప్పుడే కనిపెట్టింది.

"నేనిచ్చిన ఫోను ఏదండి జీవన్ గారు?"

"దానికి జ్వరం వచ్చింది మేడమ్. ఐసులో పెట్టాను."

ఆమె నవ్వు చెక్కుచెదరలేదు. ఏడుగురి మొహాలూ వరసగా చూసి, ఏడోవాడి ముందు ఆగింది. "నీ పేరేంటి?"

సాయికుమార్ నోరు చూపించి చెయ్యి తిప్పాడు.

"మూగోడండి," అన్నాడు గంగరాజు.

"అయితే అరవమను. మూగవాళ్లకి కూడా గొంతుంటుంది. ఏదో ఒక చప్పుడు చెయ్యమను." టాబ్లెట్‌ని అతని మూతికి అంగుళం దూరంలో పెట్టింది. తెర మీద మూడు చిన్న కిటికీల్లో ముగ్గురు కొనుగోలుదారులు ముందుకు వంగారు. వెనక లారీ ఇంజన్ గుర్రుమంది. డ్రైవరు ఎర్ర చుక్క కోసం తన ఫోను చూసుకుంటూ క్లచ్ తొక్కి కూర్చున్నాడు.

సాయికుమార్ కాలి మీద ఆమె ఎత్తుమడమ చెప్పు పడింది. బలంగా నొక్కింది. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. పెదవులు కదల్లేదు. ఆమె ఇంకా బలంగా నొక్కింది. పెదవులు విడివడబోయాయి. జీవన్ ఒక అడుగు ముందుకేశాడు.

అప్పుడే టాబ్లెట్‌లో చుక్క వెలిగింది. అది రేపల్లెలో.

ఆమె తలదించి చూసింది. రేపల్లెలో ఇంకో నాలుగు. చెరుకుపల్లిలో పది. పొన్నూరు, నందివెలుగు, తెనాలి, బాపట్ల. మ్యాపు పొంగు పోసినట్టు ఎర్రబారిపోయింది. హార్బరులో రొయ్యలు ఏరుతున్న ఆడవాళ్ల మధ్య నుంచి, ఐసు బండి మీద నుంచి, వల రిపేరు షెడ్డులోంచి ఒకే గొంతు. "నా పేరు సాయికుమార్. ఇరవై మూడు రోజులుగా ఒడ్డు మీద..." ఆ గొంతు సొంతదారు మాత్రం నోరు మూసుకుని ఆమె ఎదురుగానే నిలబడి ఉన్నాడు.

లారీ క్యాబిన్‌లోంచి కూడా అదే గొంతు. డ్రైవరు భార్యది చెరుకుపల్లి స్త్రీల సమాజం. టార్గెట్ తన ఒళ్లోనే ఉన్నాడని అతని ఫోను చూపిస్తోంది. అతను ఇంజన్ ఆపేసి, దిగొచ్చి, ఎవరిని గుద్దాలో తెలియక నిలబడ్డాడు.

తెర మీద కిటికీలు ఒక్కొక్కటే నల్లబడ్డాయి. సరిగ్గా అయిదింటికి మూడోది కూడా పోయింది. ఐసు మోసే వేషంలో ఉన్న చీఫ్ మనుషులు ఇద్దరు వచ్చి స్నేహలత రెండు పక్కలా నిలబడ్డారు.

"ఆ టికెట్ పూర్తి చెయ్యనివ్వాల్సింది," అంది ఆమె, ఎవరితోనో అన్నట్టు.

నెల తర్వాత జీవన్ మళ్లీ తెనాలి షెడ్డుకు వెళ్లాడు. అప్పటికి విగ్రహాలకు చెవులు అతికేశారు. సంజీవరావు పక్కన సముద్రం రంగు చీరలో స్నేహలత కూర్చుని ఉంది, మెడలో డిపార్ట్‌మెంట్ కార్డు వేలాడుతోంది.

"కన్సల్టెంటుగా తీసుకున్నాం. ఆ సిస్టమ్ నడపడం ఆవిడకే తెలుసు మరి," అన్నాడు చీఫ్.

"నేను మీకప్పగించిన ఆ పెన్ డ్రైవ్ ఏమైంది సార్? అన్నీ తుడిచెయ్యాలని చెప్పాను కదా."

"కమిటీ వేశాం. పరాయివాళ్ల చేతిలో ఉంటే ప్రమాదం గానీ, మన చేతిలో ఉంటే భద్రతే కదయ్యా."

"నేను మాటిచ్చాను సార్."

"నువ్విచ్చావు. డిపార్ట్‌మెంట్ ఇవ్వలేదు." సంజీవరావు చిన్నగా దగ్గాడు. "పెండింగ్‌లో ఉన్న ఆ టికెట్ కూడా పూర్తి చేయించాం. ఇప్పుడు రికార్డింగ్‌కి వేరే రంగు చుక్క వస్తుంది."

"పచ్చ చుక్క," అంది స్నేహలత, అదే నవ్వుతో. "బాపట్ల తీరంలో ఒకటి రోజుకి ఇరవై సార్లు వెలుగుతోందండి. ఎవరో కోటిరత్నం అట. ఒకటే మెసేజ్ వింటూ ఉంటుంది."

కోటిరత్నం సాయికుమార్ తల్లి. జీవన్ లేచి బయటికొచ్చాడు. అరవాలనిపించింది. వీధిలో పదిమంది చేతుల్లో పది ఫోన్లు చూసి, నోరు మూసుకుని బస్సెక్కాడు. ఆ పొద్దున్నే రూబీ ఫోనులో కొత్త వెర్షన్ వచ్చింది. 'మీ గోప్యతే మా ప్రాణం' అని పైన, అరచేయంత ఆకుపచ్చ బటన్ కింద. ఫార్వర్డ్ చేసే ముందు నిజమా అని అడిగిన మనిషి, దాన్ని మాత్రం ఏమీ అడక్కుండా నొక్కేసింది.

పొన్నూరులో సాయికుమార్ అతని కోసం ఎదురుచూస్తున్నాడు. గెడ్డం తీయలేదు. జీవన్ మొహం చూడగానే అతనికి సంగతి అర్థమైపోయింది. ఇద్దరూ నడుచుకుంటూ వెళ్లి సుందరయ్య బంకు ముందు నిలబడ్డారు. బల్ల మీద ఫోను ఉంది.

జీవన్ రెండు వేళ్లు చూపించాడు. సాయికుమార్ చక్కెర డబ్బా వైపు చూపించి, వద్దని చెయ్యి ఊపాడు.

సుందరయ్య జాలిగా ఇద్దరినీ ఎగాదిగా చూశాడు. "ఈ మధ్య మన వైపు మూగోళ్లు ఎక్కువైపోతున్నారు," అని తనలో తను అనుకుంటూ పాలు పొయ్యి మీద పెట్టాడు.